రాజలింగం సారు రాసిన పరీక్ష

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. సిద్దిపేటలో పొద్దున్నే బస్సెక్కి, కోఠిలో దిగి, నలుగురిని అడిగి, హిమాయత్‌నగర్‌లో నేనుండే ఈ రెండు గదుల వాటాకు మధ్యాహ్నం భోజనాల వేళకు చేరింది. గుమ్మంలో నిలబడే "నేను బొమ్మల రాజలింగం మనవరాలినమ్మా" అంది. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో. చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఆ తరువాత చాలాసేపు దొరకలేదు. అన్నం పెట్టాను. తింటూ తింటూ తను వచ్చిన పని చెప్పింది. "మా తాత బొమ్మలు గీసేటోడని ఊర్ల ముసలోళ్లందరు చెప్తరు. మా ఇంట్ల మాత్రం ఒక్కటి గూడ లేదు. మీరు తాత దగ్గర చదువుకున్నరట గదా, మీ దగ్గర ఏమన్న ఉన్నదేమోనని వచ్చిన." నా దగ్గర కూడా ఏమీ లేదు. ఆయన గీసినవి గోడల మీద, పలకల మీద, నల్లబల్ల మీద. గోడలకు సున్నం పడింది, పలకలు మేమే తుడిచేశాం. ఆ మాటే చెప్పాను. అమ్మాయి మొహం చిన్నబోయింది. బస్సుకు టైమవుతోందని లేచింది. ఆమె వెళ్లాక, బొమ్మ లేకపోతే లేదు, మనిషిని గురించి తెలిసిన నాలుగు ముక్కలైనా కుదురుగా రాసి పెడదామని కూర్చున్నాను.

అప్పట్లో మేము నాంపల్లి స్టేషన్ వెనక ఒక సందులో ఉండేవాళ్లం. బంగాళాపెంకుల ఇల్లు. ముందు ఒక గది, పొడుగాటి వరండా, వెనక వంటిల్లు, దానికి ఆనుకుని చేదబావి. మా నాయన రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. నాయన తల్లిని మేము బాపమ్మ అనేవాళ్లం. ఇంట్లో గోడ గడియారం ఒకటి ఉండేదిగానీ అది ఎప్పుడు నడిచేదో ఎప్పుడు ఆగేదో ఎవరికీ పట్టేది కాదు; రైళ్ల కూతలు వినే బాపమ్మ ఇంటిని నడిపేది. "కాజీపేట బండి వచ్చె, ఎసరు పెట్టు" అంటే అమ్మ పొయ్యి ముందుకు పోయేది. "వికారాబాద్ బండి పోయె, పిల్లను బడికి తోలు" అంటే నా జడలు వేసే పని మొదలయ్యేది. ఇంజన్ల పొగ మా ఇంటి మీదికే వచ్చేది. దండెం మీద ఆరేసిన తెల్ల ధోవతుల మీద నల్లటి నలుసులు వాలేవి. అమ్మ వాటిని చేత్తో దులిపితే గీతలు పడతాయని నోటితో ఊదేది. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ వాసన వస్తే నాకు ముందు గుర్తొచ్చేది రైలు కాదు, మా అమ్మ బుగ్గలు పూరించి ధోవతి మీద ఊదుతున్న తీరు.

నిజాం సర్కారు పోయిన మరుసటి ఏడు, వానలు మొదలయ్యే రోజుల్లో, రాజలింగం మా ముందు గదిలోకి కిరాయికి వచ్చాడు. సిద్దిపేటలో మా దూరపు చుట్టం ఒకాయన రాసిచ్చిన చీటీ పట్టుకుని వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, బక్కపలచన, కొంచెం పొట్టి. ఎదుటివారు మాట్లాడుతుంటే తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను సగం మూసి చూసేవాడు. మొదట్లో అది మా అమ్మకు నచ్చలేదు. "ఏందత్తమ్మా, గా మనిషి గట్ల సూస్తడు?" అని బాపమ్మతో గొణిగింది. కొలుచుకుంటున్నాడని మాకు తరువాత తెలిసింది. ఆయన కుడిచేతి మూడు వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. "చేతులు కడుక్కోని కూసో నాయనా" అని బాపమ్మ అంటే, "కడుక్కున్ననమ్మా, గది పోదు" అని వేళ్లు చూపించేవాడు.

సిద్దిపేటలో ఒక బట్టల దుకాణంలో మూటలు విప్పే పని చేసేవాడట. మిల్లుల నుంచి వచ్చే బట్టల తాన్ల మీద రంగుల కాగితపు బొమ్మలు అంటించి ఉండేవి: ఏనుగు మీద రాజు, పురి విప్పిన నెమలి, తామరపువ్వులో లక్ష్మి. వాటిని చించకుండా తీసి దాచుకుని, దుకాణం వెనక గోడ మీద బొగ్గుతో దించడం మొదలుపెట్టాడు. చెప్పేవాళ్లు లేరు, చూపించేవాళ్లు లేరు. నాలుగు జమాతుల ఉర్దూ చదువు తప్ప మరేమీ లేదు. కాగితాల మీద బొమ్మలన్నీ అయిపోయాక, దుకాణం ముందు ఆగిన ఎడ్లను, బేరం ఆడుతున్న ఆడవాళ్లను, నిద్రపోతున్న సేటును గీశాడు. ఊళ్లో పెళ్లయితే తలుపుల మీద చిలుకలు, గోడల మీద కలశాలు ఆయనే వేయాలి. గడబిడ రోజుల్లో దుకాణం మూతపడింది. పట్నంలో ఏదో ఒక పని చూసుకుని భార్యను తీసుకుపోతానని ఆమెకు చెప్పి ఒక్కడే బస్సెక్కాడు. ఆమె పేరు లచ్చవ్వ. "పని పక్కా అయినంక తీస్కొస్త" అని ఎవరు అడిగినా అదే మాట.

మొదట కొన్నాళ్లు మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల దుకాణాల్లో బుట్టలు సర్దాడు. సీతాఫలాల కాలంలో మెత్తబడి అమ్మకానికి పనికిరానివి నాలుగు తెచ్చి తన గదిలో గడ్డిలో పెట్టుకునేవాడు. అవి పగిలి కళ్లు విచ్చుకుంటుంటే, తినకుండా వాటి ముందు కూర్చుని గీసేవాడు. ముందు గది నుంచి ఇల్లంతా ఆ తియ్యటి వాసన. ఎండలు మొదలయ్యాక ఒకరోజు బాపమ్మ వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ ఎవరినో తిడుతోంది. ఆమెకు తిట్టడం కూడా ఒక పనే, చేతులతో పాటు నోరూ ఆడేది. ఈయన ఎదురుగా కూర్చుని, ఆమె వీపు వెనక ఖాళీగా ఉన్న గోడ మీద కాదు, తన పక్కనున్న గోడ మీద, పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుతో ఆమెను దించేశాడు. ముడతలు, ముక్కుపుడక, విసుగుతో బిగిసిన పెదవులు, ఒళ్లో చాట. బాపమ్మ తలెత్తి చూసి గుడ్లురిమింది.

"ఏంరా, నా ముక్కు గంత ఉంటదా?"

"ఉంటదమ్మా" అన్నాడాయన భయం భయంగా.

"పొద్దుగూకకముందు గా గోడకు సున్నం కొట్టకపోతే నీ సామాన్లు బయట ఉంటయి."

సున్నం కలుపుతుండగానే మా బడి పెద్ద టీచరమ్మ వచ్చింది. మా సందుకు రెండు సందుల అవతలే ఆమె ఇల్లు. బాపమ్మ పెట్టే చింతకాయ తొక్కు కోసం అప్పుడప్పుడు వచ్చేది. గోడ చూసి మెట్ల మీదే ఆగిపోయింది. బాపమ్మను చూసి, గోడను చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత రాజలింగాన్ని అడిగింది: "మా బడిల తెలుగు జమాత్‌లు కొత్తగ తెరిచినం. బొమ్మలు నేర్పేటందుకు మనిషి లేడు. వస్తవా?" ఆయన సున్నం డబ్బా కింద పెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. ఆ గోడకు మాత్రం సున్నం పడలేదు. బడిలో కొలువు తెచ్చిన ముక్కు అని బాపమ్మే వచ్చిన వాళ్లందరికీ చూపించేది. దసరాకు ఇల్లంతా సున్నం వేయించినప్పుడు కూలీవాడు అడగకుండా దాని మీద కూడా కొట్టేశాడు. ఆరోజు బాపమ్మ అన్నం తినలేదు.

అలా నా పదేళ్ల వయసులో, మా ముందు గది రాజలింగం నాకు రాజలింగం సారు అయ్యాడు. మొదటి రోజు ఆయన మా తరగతిలోకి వచ్చి, బల్ల దగ్గర ఉన్న కుర్చీలో కూర్చోవచ్చో లేదో తెలియక నిలబడే ఉన్నాడు. "మామిడికాయ గియ్యున్రి" అన్నాడు. అందరం గబగబా గీసేశాం. ఒక పక్క వంపు, కింద ముక్కు, పైన తొడిమ, తొడిమకు ఒక ఆకు. ఆయన జేబులోంచి నిజం మామిడికాయ తీసి, ముక్కు మా వైపు ఉండేలా బల్ల మీద నిలబెట్టాడు. అలా చూస్తే అది మామిడికాయలా లేదు, ఒట్టి గుండ్రం, మధ్యలో ఒక చుక్క. "గిప్పుడు గియ్యున్రి" అన్నాడు. ముప్పై మంది ఆడపిల్లల్లో ఒక్కరు కూడా గుండ్రం గీయలేదు. మళ్లీ వంపు, ముక్కు, తొడిమ, ఆకు. ఆయన ప్రతి పలకా చూసి, కోపం లేకుండా, "మీకు తెల్సింది గీసిన్రు. సూసింది గియ్యలే" అన్నాడు. ఆ మాట నాలుగేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒక రోజు తన చెప్పు విడిచి బల్ల మీద పెట్టి గీయమన్నాడు. ఒక రోజు పగిలిన లాంతరు చిమ్నీ. ఒక రోజు మమ్మల్ని కిటికీ దగ్గరికి పిలిచి, వానలో తడుస్తున్న గాడిద చెవులు ఎటు వాలాయో చూడమన్నాడు. కాగితాలు, రంగులు ఎక్కడివి? ఇటుక ముక్క, పసుపు, బొగ్గు, ఆకు పసరు. నేను ఒకసారి అడిగాను, మీకు ఎవరు నేర్పారు సారూ అని. "ఎవరు నేర్పుతరు బిడ్డా. సూస్త, గీస్త. తప్పు పోతే అదే చెప్తది, తప్పు పోయిందని."

నాలుగో ఏడు ఒక కాగితం వచ్చింది. సర్టిఫికెట్ లేనివాళ్లు బళ్లలో డ్రాయింగ్ చెప్పకూడదు. వచ్చే సర్కారు డ్రాయింగ్ పరీక్షల్లో కింది మెట్టైన లోయర్ అయినా పాసు కావాలి. లేకపోతే ఆ జాగాలో వేరే మనిషి. పెద్ద టీచరమ్మ ఆయనను పిలిచి చెప్పింది. ఆ సాయంత్రం ఆయన మా వరండాలో కూర్చుని ఆ సంగతి నాయనతో చెబుతుంటే నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"పరీక్షంటే ఏమేం ఉంటయి సారూ?" అని నాయన అడిగాడు.

"బిందె, డబ్బా ఎదురుంగ పెట్టి గియ్యమంటరంట. దాని ఫికర్ లేదు. ఇంకోటి జామెట్రీ అంట. కంపాసు, స్కేలు... గవి నేనెప్పుడు పట్టలే."

"సావిత్రికి బడిల జామెట్రీ ఉన్నది గదా" అంది బాపమ్మ లోపలి నుంచి. "పిల్లనడుగు, నేర్పుతది."

సావిత్రి అంటే నేను. ఆ ఏడు అదే లోయర్ పరీక్షకు నేనూ కట్టాను, ఆయనే కట్టించాడు. అలా ప్రతి ఆదివారం పొద్దున తలస్నానం అయ్యాక, తడి జుట్టు విరబోసుకుని వరండాలో నేను, ఎదురుగా మఠం వేసుకుని మా సారు. ఆయనకు కంపాసు అవసరమే లేదు. బొటనవేలు కాగితం మీద ఆనించి చెయ్యి ఒక్క తిప్పు తిప్పితే పున్నమి చంద్రుడు. అయితే పరీక్ష పెట్టేవాళ్లకు చంద్రుడు అక్కర్లేదు, కంపాసు ముల్లు గుచ్చిన చోటు కనబడాలి. గీతను సగానికి విడగొట్టమంటే ఆయన కంటితో చూసి చుక్క పెట్టేవాడు. కొలిస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నేను పంతులమ్మలా "అట్ల కాదు సారూ, పైన ఒక చాపం, కింద ఒక చాపం" అని గద్దించేదాన్ని. చివరికి ఎలాగో నేర్చుకుని, అంతా వేశాక, ఆ చాపాలు బొమ్మను ఖరాబు చేస్తున్నాయని శుభ్రంగా చెరిపేసేవాడు. "చెరపొద్దు! అవే మార్కులు!" అని నేను అరిచేదాన్ని. "గీ మచ్చలకు మార్కులా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. అమ్మ పిండి కలుపుతూ వంటింట్లోంచి నవ్వేది. ఒక పెద్దమనిషిని గద్దించే భాగ్యం పద్నాలుగేళ్ల వయసులో ఎంత మందికి దొరుకుతుంది? ఆయన ఒక్కనాడూ చిన్నతనంగా అనుకోలేదు. పాఠం అయ్యాక నాకు దండం పెట్టి లేచేవాడు, వెక్కిరింపుగా కాదు, మామూలుగా.

పరీక్ష అబిడ్స్‌లో ఒక పెద్ద బడిలో. నాంపల్లి నుంచి ఇద్దరం నడిచి వెళ్లాం. ఆయన బాపమ్మ ఉతికించి పెట్టిన కమీజు వేసుకున్నాడు, అమ్మ ఇచ్చిన కుంకుమ పెట్టుకున్నాడు. హాలు నిండా పన్నెండేళ్ల, పదమూడేళ్ల పిల్లలు. మా ఇద్దరి దరఖాస్తులు ఒకే రోజు ఒకే బడి నుంచి పోయాయి కాబట్టి నంబర్లు వెంట వెంట వచ్చాయి. నేను ముందు బెంచీ, ఆయన నా వెనక బెంచీ. అవి పిల్లల బెంచీలు. ఆయన మోకాళ్లు డెస్కు కింద పట్టక పక్కకు పెట్టుకుని కూర్చున్నాడు. వేరే బడి పిల్లలు వెనక్కి తిరిగి చూసి కిసుక్కుమన్నారు. నాకు వాళ్ల జుట్టు పట్టుకుని వంచాలనిపించింది. మొదటి రోజు జామెట్రీ. బయటికి రాగానే "చెరపలే బిడ్డా, ఒక్క మచ్చ గూడ చెరపలే" అన్నాడు గొప్పగా. రెండో రోజు వస్తువు చూసి గీయడం. ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. నేను నిశ్చింతగా ఉన్నాను.

హాలు మధ్యలో ఒక ఎత్తు బల్ల, దాని మీద ఇత్తడి బిందె, పక్కనే ఒక చెక్క డబ్బా. కిటికీ వెలుతురు బిందె భుజం మీద పడుతోంది. కాగితాలు పంచినాయన "ఎవ్వరు జాగా మారొద్దు, కదలొద్దు" అని ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పాడు. నేను గీసుకుంటూ పోయాను. బాగా కుదిరింది. గంట కొట్టాక, అందరం కాగితాలు డెస్కు మీద పెట్టి లేచి నిలబడాలి. లేచి వెనక్కి తిరిగాను. సారు కాగితం చూశాను.

అందులో నేను ఉన్నాను. నా తల వెనక భాగం, నడిమి పాపిట, రెండు జడలు మడిచి కట్టిన రిబ్బన్లు. ఎడమ వైపు రిబ్బన్ ముడి కొంచెం జారి ఉంది. మెడ మీద జడలకు అందని చిన్న వెంట్రుకలు కూడా ఉన్నాయి. నా కుడి భుజం దాటాక, సన్నగా, ఇత్తడి బిందె అంచు ఒక నెలవంకలా, దాని మీద కిటికీ వెలుతురు. చెక్క డబ్బా అసలు లేదు. అది నా వీపు వెనక ఉండిపోయింది. ఆ ఏడు నేను ఒక్కసారిగా పొడుగెదిగాను. ఆయనకు నా వీపు తప్ప మరేమీ కనబడలేదు.

నా వీపును నేను చూసుకోవడం అదే మొదటిసారి. అంత అందమైన బొమ్మ నేను అప్పటివరకు చూడలేదు. ఆయన ఫెయిలయ్యాడని కూడా ఆ క్షణమే తెలిసిపోయింది.

మొజంజాహీ మార్కెట్ దాకా ఇద్దరం నడిచి వచ్చాం. ఐస్‌క్రీం దుకాణాల దగ్గర జనం తోసుకుంటున్నారు. అక్కడ నేను ఆగి ఏడుపు ఎత్తుకున్నాను.

"జర పక్కకు జరుగు బిడ్డా అంటే జరుగుదును గద సారూ!"

"కదలొద్దన్నరు గద."

"అయితే బిందెను మనసుల అనుకొని గియ్యొచ్చు గద! బిందె ఎట్లుంటదో మీకు ఎరుక లేదా?"

ఆయన నా వైపు తల వాల్చి చూశాడు. తల గోక్కున్నాడు. "గీసుకుంట గీసుకుంట పరీక్ష అన్న సంగతే మర్చిన సావిత్రీ" అన్నాడు. మళ్లీ, నేరం చేసినవాడిలా నెమ్మదిగా, "జడలు మంచిగ కుదిరినయి, గదా?" అన్నాడు. నేను ఏడుస్తూనే ఔనని తలూపాను.

ఫలితాలు వచ్చాయి. నాకు ఫస్టు క్లాసు. ఆయన నంబరు లేదు. జామెట్రీలో మంచి మార్కులే వచ్చాయట, బిందె బొమ్మలో ఏమీ వేయలేదట. పెద్ద టీచరమ్మ ఆయనకు చెప్పడానికి రెండు రోజులు వెనకాడింది. చివరి రోజు ఆయన మా తరగతిలో రోజూలాగే పాఠం చెప్పాడు, నల్లబల్ల తనే తుడిచాడు, సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేశాడు. ఆ వారమంతా ఇంట్లో అమ్మ అన్నానికి పిలిచినా నేను పోలేదు. నేను ఫస్టు క్లాసు అని ఎవరైనా అంటే నాకు కంపరమెత్తేది. నేను ముందు కూర్చోకపోతే, నేను పొడుగెదగకపోతే, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే. బాపమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని తలకు నూనె రాస్తూ, "నీ తప్పేంలేదే. నీ తల మీద దేవుడు కళ్లు పెట్టలే వెనకకు" అంది.

తరువాత ఆమె చేసిన పని నాయనకు తప్ప ఎవరికీ తెలియదు. నాయనతో ఒక కార్డు రాయించి లచ్చవ్వకు పోస్టు చేయించింది. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం లచ్చవ్వ సిద్దిపేట బస్సు దిగి, నెత్తి మీద మూటతో, మా సందు అడుక్కుంటూ వచ్చేసింది. ఎత్తరి మనిషి, గట్టి గొంతు. రాజలింగం సారు ఆమెను చూసి గోడకు అంటుకుపోయాడు.

"ఎందుకొచ్చినవ్? పని పక్కా గాలే. ఉన్నది గూడ పోయింది."

"ఎందుకు పోయింది?"

"పరీక్షల ఫేలైన."

"దేంట్ల?"

ఆయన నేల చూపులు చూస్తూ, "బొమ్మలల్ల" అన్నాడు.

లచ్చవ్వ మూట కింద పెట్టింది. ఆయన మొహంలోకి చూసింది. తరువాత మొదలైంది నవ్వు. "బొమ్మలల్లనా? నువ్వా?" అని పైటతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "సిద్దిపేటల నీ బొమ్మ లేని తలుపు ఒక్కటి సూపియ్యమను వాళ్లను! బొమ్మలల్ల ఫేలైనడంట!" బాపమ్మ నవ్వింది, అమ్మ నవ్వింది, అంతసేపు బిక్కమొహం వేసుకున్న ఆయన కూడా తల వంచుకునే నవ్వాడు. నాలుగేళ్లుగా పని పక్కా అయ్యాకే తెస్తానని ఆపి పెట్టిన మనిషి ఆ పూట మా వంటింట్లో కూర్చుని సర్వపిండి తింటోంది. నేను ఆ రాత్రే మళ్లీ కడుపు నిండా తిన్నాను.

మరుసటి ఏడు ఆయన మళ్లీ పరీక్షకు కూర్చున్నాడు. ఈసారి ముందు బెంచీ దొరికింది. సెకండ్ క్లాసులో పాసయ్యాడు. అప్పటికి బడిలో వేరే సారు చేరిపోయాడు, ఆయనకు సర్టిఫికెట్ ఉంది, మంచివాడే, పుస్తకం తెరిచి పుస్తకంలో ఉన్నది గీయించేవాడు. రాజలింగం సారు అబిడ్స్‌లో దుకాణాల బోర్డులు రాసే పనిలో పడ్డాడు. లచ్చవ్వ రంగులు కలిపేది, బేరం మాట్లాడేది. మా గది ఖాళీ చేసి, నాంపల్లిలోనే చిన్న జాగా తీసుకుని తన బోర్డు తనే రాసుకున్నాడు: పైన పేరు, కింద చిన్న అక్షరాలతో "డ్రాయింగ్ లోయర్ పాస్". అది చదివి నవ్వేవాళ్లు నవ్వేవారు. ఆయన మాత్రం దాన్ని ఏటా కొత్త రంగుతో దిద్దేవాడు. బాపమ్మ పోయినప్పుడు వచ్చి, ఎవరూ అడగకుండా బొగ్గు తీసుకుని, అదే వరండా గోడ మీద మళ్లీ ఆమెను గీశాడు, చూడకుండా, జ్ఞాపకం నుంచి. ఆయన చూడకుండా గీయడం నేను చూసింది అదొక్కటే. ముక్కు సరిగ్గా వచ్చింది. ఆ ఇల్లు తరువాత మేము వదిలేశాం.

నేను మెట్రిక్ పాసయ్యాక నాయన ఇక చాలన్నాడు. సంబంధాలు చూస్తున్నారు. ఎవరో చెప్పారు కాబోలు, ఒక ఆదివారం సారు వచ్చాడు. ఎండలో కోటు వేసుకున్నాడు. అది ఎవరిదో, భుజాల దగ్గర వేలాడుతోంది. మా ఇంట్లో అన్నేళ్లున్నా నాయన ముందు కుర్చీలో కూర్చోని మనిషి, ఆరోజు కూర్చున్నాడు.

"అయ్యా, నేను మిమ్మల్ని ఎన్నడు ఏం అడగలే. ఒకటి అడుగుత. పిల్లను హయ్యర్ పరీక్షకు కట్టియ్యున్రి."

"ఆడపిల్లకు బొమ్మల పరీక్ష ఎందుకు సారూ?"

"కొలువుకు. ఆడపిల్లల బళ్లు గిన్ని తెరుస్తున్నరు, నేర్పేటోళ్లు లేరు. నాకు చేత గాలే. పిల్లకు చేతనైతది." నా వైపు చెయ్యి చూపించాడు. "నాకు జామెట్రీ నేర్పిందయ్యా గీ పిల్ల. నాకు నేర్పిందంటే ఎవ్వలకన్న నేర్పుతది."

అమ్మ చాయ్ తెచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగాడు, చెమటలు కారుతున్నా కోటు విప్పలేదు. చాయ్ అయిపోయాక నాయన "కట్టు" అన్నాడు నాతో. అంతే. నా జీవితంలో ఆ ఒక్క మాటతో తెరుచుకున్నవి ఎన్నో. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆడపిల్లలకు బొమ్మలు నేర్పాను. నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. పెళ్లి నా ఇష్టంతో, నా వేళకు జరిగింది. ఇప్పటి పిల్లలకు ఇరవై నాలుగు రంగుల పెట్టెలు, నున్నటి కాగితాలు ఉన్నాయి. చూస్తే నాకు ముచ్చటేస్తుంది, లేనిరోజులే గొప్పవని నేను అనను. ఇటుక ముక్కతో గీసిన రోజుల్లో మాకు రంగు పెట్టె దొరికి ఉంటే ఎగిరి గంతేసేవాళ్లం. అబిడ్స్‌లో బోర్డులు ఇప్పుడు యంత్రాలు అచ్చు వేస్తున్నాయి. అక్షరాలన్నీ సమంగా, నిగనిగలాడుతూ ఉంటాయి. వాటి ముందు నిలబడితే ఇది ఎవరి చెయ్యి అని అనుకోవడానికి ఏమీ ఉండదు. అంతకు మించి నాకు ఫిర్యాదు లేదు. ఎప్పుడో ఒకనాడు కమీజు జేబులో మామిడికాయ వేసుకుని ఒక మనిషి మా తరగతిలోకి రావడం వల్ల, నాకు లోకం రెండు కళ్లతో కనబడింది.

రాష్ట్రం మారిన ఏడు నాకు కొలువు దొరికింది. ఊరంతా బోర్డులు తెలుగులోకి మారుతున్న రోజులు, ఆయనకు తీరిక లేదు. కొలువులో చేరే రోజు పొద్దున బడికి వెళ్తూ దారి మార్చి అబిడ్స్ వెళ్లాను. ఒక బట్టల దుకాణం ముందు నిచ్చెన మీద ఉన్నాడు, నోట్లో ఒక కుంచె, చేతిలో ఒక కుంచె. కింద లచ్చవ్వ నిచ్చెన పట్టుకుని ఉంది. నన్ను చూసి ఆమె "ఓ సారూ, నీ పంతులమ్మ వచ్చింది సూడు" అని కేకేసింది. రంగు ఆరిపోతుందని ఆయన దిగలేదు. నోట్లో కుంచె తీసి చెవి మీద పెట్టుకుని కిందికి చూశాడు. అంత హడావిడిలో దీవెనలు గట్రా ఏమీ లేవు.

"ఎన్ని పీరియడ్లిచ్చిన్రు?" అని అరిచాడు.

"వారానికి పద్దెనిమిది సారూ!"

కుంచె ఆగింది. ఆయన మొహం నిండా నవ్వు విచ్చుకుంది.

"నాకు ఇరవై రెండుండె" అన్నాడు, రోడ్డంతా వినబడేలా. మళ్లీ బోర్డు వైపు తిరిగాడు. సగం రాసిన 'వ' కు తలకట్టు మిగిలి ఉంది. అది పూర్తయ్యేదాకా కింద నిలబడి ఆయన చెయ్యి కదిలే తీరు చూసి, ఆ తరువాత బడికి వెళ్లాను.